డ్రైవింగు నేర్పే గురువుకు కొత్త పాఠాలు చెప్పేదెవరు?

స్కూలు లైసెన్సుకు 5 ఏళ్ళకోసారి రెన్యూవల్ - బోధకునికి మాత్రం జన్మకొకటే అర్హత

సబ్బవరం: కారు నడపడం నేర్పే వ్యక్తి ఒకసారి అర్హత సంపాదించుకున్నాక, ఆపైన ఎన్నేళ్ళు ఆ వృత్తిలో ఉన్నా మళ్ళీ ఒక్క రోజు శిక్షణకైనా హాజరు కావాలని మన డ్రైవింగు స్కూళ్ళ నిబంధనలలో ఎక్కడా లేదు. 1990లో 25 ఏళ్ళ వయసులో బోధకుడిగా చేరిన మనిషి ఇప్పటికి 60 దాటి ఉంటాడు. ఈ మధ్య కాలంలో రోడ్లు మారాయి, బళ్ళు మారాయి, చట్టం మారింది, రోడ్డు నియమాలు మారాయి. ఆయన ఆనాడు నేర్చుకున్నదే ఈనాడూ నేర్పుతున్నా అడిగే నాథుడు లేడు. తనంతట తాను తెలుసుకుంటే సరి, లేకుంటే లేదు. ఈ లోటును సరిదిద్దవలసిన అవసరం మన సబ్బవరం వంటి చోట్ల మరీ ఎక్కువగా కనిపిస్తున్నది.

రోడ్డు మారింది

సబ్బవరం ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ జిల్లాలో మండల కేంద్రంగా ఉన్నది. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్ళే మార్గం సుమారు 50 కిలోమీటర్ల మేర ఆరు వరుసల జాతీయ రహదారిగా విస్తరించింది. నగరంలోకి వెళ్ళే పని లేని లారీలు, ట్యాంకర్లు, దూరప్రాంతాల బస్సులు ఈ దారినే పోతున్నాయి. ఇదే మండలంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, వంగలిలో పెట్రోలియం విద్యాసంస్థ ఉన్నాయి. పరవాడ వైపు ఫార్మా కంపెనీలకు వెళ్ళే కార్మికుల బస్సులు, చోడవరం వైపు నుంచి వచ్చే ఆటోలు, కంకర లారీలు, చెరకు ట్రాక్టర్లు అన్నీ ఈ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి.

ఒకప్పుడు ఇక్కడ కారు నేర్చుకున్నవాడు ఊళ్ళో రోడ్డు మీద గేదెలను, సైకిళ్ళను తప్పించుకుని నడపగలిగితే చాలు, డ్రైవరు అయినట్లే. ఇప్పుడు అదే మనిషి సర్వీసు రోడ్డు మీద నుంచి ఆరు వరుసల రహదారి మీదికి ఎక్కాలి. వెనుక నుంచి వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తున్నదో అద్దంలో చూసి అంచనా వేయాలి. అద్దంలో కనిపించని పక్క భాగాన్ని తల తిప్పి చూసుకోవాలి. నాలుగు, అంతకు మించిన వరుసలుండి మధ్యలో డివైడరు గల రోడ్ల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, మోటారు సైకిళ్ళకు 80 కిలోమీటర్లు గరిష్ట వేగంగా కేంద్రం 2018లో నిర్ణయించింది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 8 మీటర్లు పోతుంది. అదే 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 28 మీటర్లు పోతుంది. కన్ను మూసి తెరిచేలోగా ఒక లారీ పొడవుకు రెండింతలు దాటిపోయే ఈ వేగంలో ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో నేర్పకుండా విద్యార్థిని రోడ్డు మీదికి వదిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2022లో దేశం మొత్తం మీద 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్కలు తెలుపుతున్నాయి. ఇందుకు కారణాలు అనేకం. రోడ్డు లోపాలున్నాయి, తాగి నడపడం ఉన్నది, హెల్మెట్టు పెట్టకపోవడం ఉన్నది. అన్నిటికీ బోధకుడినే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. కాని చక్రం పట్టడం మొదట నేర్పేది ఆయనే. తొలినాడు పడిన అలవాటు చివరిదాకా పోదు.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చి 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దానిలో 12వ సెక్షను డ్రైవింగు స్కూళ్ళకు సంబంధించినది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 24వ నియమం ప్రకారం స్కూలులో బోధించే వ్యక్తి 10వ తరగతి ప్యాసై ఉండాలి. 5 సంవత్సరాల డ్రైవింగు అనుభవం ఉండాలి. మోటారు మెకానిజంలో సర్టిఫికెట్టు లేదా అంతకు మించిన ఇంజనీరింగు అర్హత ఉండాలి. ట్రాఫిక్ గుర్తులు, రోడ్డు నియమాలు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. బండిలోని భాగాలు ఎలా పనిచేస్తాయో చేసి చూపించి వివరించగలగాలి. ఇంగ్లీషుగాని, ప్రాంతీయ భాషగాని తగినంత వచ్చి ఉండాలి.

స్కూలుకు కావలసిన సామగ్రి జాబితా ఇంకా పెద్దది. నల్లబల్ల, రోడ్డు నమూనా బల్ల, ట్రాఫిక్ గుర్తుల చార్టు, బండి భాగాల చార్టు, గేరుబాక్సు, బ్రేకు షూ, పనిముట్లు, పంక్చరు సామాను, బల్లలు, బెంచీలు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. మోటారు సైకిలు తప్ప మిగిలిన శిక్షణ వాహనాలకు బోధకుని వైపు కూడా బ్రేకు, క్లచ్చి ఉండే డబుల్ కంట్రోలు అమర్చాలి.

ఈ స్కూలు లైసెన్సు 5 సంవత్సరాలు చెల్లుతుంది. గడువు తీరడానికి 60 రోజుల ముందే రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టాలి. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. 5 ఏళ్ళకోసారి నల్లబల్ల ఉందో లేదో చూస్తారు. బండి కాగితాలు చూస్తారు. రిజిస్టర్లు చూస్తారు. ఆ నల్లబల్ల మీద ఏమి రాస్తున్నారో చూసే ఏర్పాటు మాత్రం లేదు. బోధకుని మెకానిజం సర్టిఫికెట్టు 30 ఏళ్ళ నాటిదైనా అది సర్టిఫికెట్టే. సామాన్లకు ఉన్న తనిఖీ మనిషి చదువుకు లేకపోవడం గమనార్హం.

మారిన పాఠాలు ఏవి?

డ్రైవింగులో కొత్తగా నేర్చుకునేదేముంది, స్టీరింగు స్టీరింగే, బ్రేకు బ్రేకే అని కొందరు అనుకోవచ్చు. అది పొరపాటు. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది బ్రేకు. పాత బళ్ళలో బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి బండి జారిపోయేది. అందుకే విడతలు విడతలుగా తొక్కి వదలమని పెద్ద డ్రైవర్లు నేర్పేవారు. ఆ కాలానికి అది మంచి పాఠమే. 2019 ఏప్రిల్ నుంచి తయారయ్యే కార్లన్నిటికీ చక్రాలు పట్టేయకుండా కాపాడే ఎ.బి.ఎస్. ఏర్పాటు తప్పనిసరి అయింది. ఈ బండిలో ఆ పట్టి వదిలే పనిని యంత్రమే సెకనుకు అనేక పర్యాయాలు చేస్తుంది. ఆపదలో డ్రైవరు చేయవలసినదల్లా గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచి, స్టీరింగుతో తప్పించుకోవడం. అప్పుడు కాలి కింద పెడల్ గడగడ వణుకుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే కొత్తవాడు బెదిరి కాలు తీసేస్తాడు. పాత పద్ధతిలో విడతలుగా తొక్కితే బండి మరింత దూరం పోయి ఆగుతుంది. నిన్నటి మంచి పాఠం నేటి బండిలో ప్రమాదకరంగా మారడమంటే ఇదే.

రెండవది స్టీరింగు. గడియారంలో 10, 2 అంకెలు ఉండే చోట చేతులు పెట్టమని వెనుక నేర్పేవారు. 2019 జూలై నుంచి డ్రైవరు ముందు ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయింది. అది పేలినట్లు విచ్చుకున్నప్పుడు చేతులు ముఖానికి కొట్టుకోకుండా 9, 3 అంకెల చోట పట్టుకోవడం మేలు. ఛాతీకి, స్టీరింగుకు మధ్య కనీసం ఒక జానెడు పైన ఎడం ఉండేటట్లు సీటు జరుపుకోవాలి. పసిపిల్లలను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం ఎందుకు ప్రాణాంతకమో కూడా బోధకుడే చెప్పాలి.

మూడవది రోడ్డు నియమాలు. 1989 నాటి రోడ్డు నిబంధనల స్థానంలో 2017 జూన్ నుంచి కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి. చక్రబంధం వంటి కూడలిలో ఇప్పటికే తిరుగుతున్న వాహనానికి, కొత్తగా లోపలికి వచ్చే వాహనం దారి ఇవ్వాలని వాటిలో స్పష్టంగా ఉన్నది. వరుసలు మారే పద్ధతి, అగ్నిమాపక వాహనానికి, అంబులెన్సుకు దారి ఇచ్చే పద్ధతి కూడా ఉన్నాయి. ఈ నిబంధనలు వచ్చాయని తెలియని బోధకుడు వాటిని ఎలా నేర్పగలడు?

నాలుగవది ప్రమాద సమయం. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన మనిషికి కేసుల బెడద లేకుండా 2019 చట్ట సవరణ రక్షణ కల్పించింది. పోలీసుల చుట్టూ తిరగవలసి వస్తుందన్న భయంతో పక్కనుంచి పోయే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. ఈ ఒక్క మాట ప్రతి డ్రైవింగు స్కూలులో చెప్పినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

ఇవి కాక గేర్లు మార్చనక్కరలేని ఆటోమేటిక్ కార్లు, చప్పుడు లేకుండా వచ్చే కరెంటు బళ్ళు వచ్చాయి. ఆటోమేటిక్ కారులో ఎడమ కాలికి పని లేదు. క్లచ్చి అనుకుని ఎడమ కాలితో బ్రేకు తొక్కితే నడిరోడ్డులో బండి ఆగిపోతుంది. వీటన్నిటినీ నేర్పేవాడికి ముందు ఎవరో నేర్పాలి కదా!

తప్పు చేసిన డ్రైవరుకు ఉంది, గురువుకు లేదు

పునశ్చరణ శిక్షణ అనే మాట మన చట్టానికి కొత్తది కాదు. ప్రమాదకర సరుకులు రవాణా చేసే డ్రైవరుకు 3 రోజుల ప్రత్యేక శిక్షణ, ఆపైన ఒక రోజు పునశ్చరణ శిక్షణ కేంద్ర నియమాలలో 9వ నియమం కింద ఉన్నవి. మన రహదారి మీద గ్యాసు, రసాయనాల ట్యాంకర్లు నడిపేవారికి ఇది వర్తిస్తుంది. నేరాలు చేసి లైసెన్సు సస్పెండు అయిన డ్రైవరు పునశ్చరణ శిక్షణ పొందాలని 2019 సవరణ 19వ సెక్షనులో చేర్చింది. ఆ శిక్షణ ఇచ్చే సంస్థలలో 12వ సెక్షను కింద లైసెన్సు పొందిన స్కూళ్ళు కూడా ఉన్నాయి. అంటే తప్పు చేసినవాడు మళ్ళీ చదువుకోవాలి. ఆ చదువు చెప్పేవాడు మాత్రం మళ్ళీ చదువుకోనక్కరలేదు. ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది?

ఆర్.టి.సి.ని చూసినా ఇదే తెలుస్తుంది. డిపోల్లో డ్రైవర్ల నడకను గమనించి సరిచేయడానికి సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉంటారు. బడి పంతుళ్ళకు పాఠ్యపుస్తకాలు మారినప్పుడల్లా పునశ్చరణ తరగతులు పెడతారు. పుస్తకం మారితే పంతులుకు తరగతులు పెట్టే మనం, రోడ్డే మారిపోయినా డ్రైవింగు గురువును పట్టించుకోకపోవడం శోచనీయం.

బోధకుని బాధలూ వినాలి

అలాగని తప్పంతా బోధకులదే అనడానికి వీలు లేదు. చిన్న ఊళ్ళలో స్కూళ్ళు చాలావరకు ఒక కారు, ఒక మనిషితో నడుస్తాయి. యజమానే బోధకుడు, ఆయనే మెకానిక్కు, ఆయనే గుమాస్తా. ఒక పూట బండి తీయకపోతే ఆ పూట సంపాదన లేదు. పైగా వచ్చే విద్యార్థులలో ఎక్కువమంది అడిగేది డ్రైవింగు కాదు, లైసెన్సు. ఎన్నాళ్ళలో బాగా వస్తుంది అని అడిగేవారికన్న ఎన్నాళ్ళలో కార్డు వస్తుంది అని అడిగేవారే అధికం. అందువల్ల బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ట్రాకు మీద ఏమి చేయాలో అదే పదేపదే చేయించి పంపడం ఆనవాయితీగా మారింది. ట్రాకు మీద ప్యాసైనవాడు జాతీయ రహదారి మీద ఫెయిలైతే మార్కులు పోవు, ప్రాణాలు పోతాయి.

సమయం లెక్క కూడా చూడాలి. కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అసలు నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు అని 31వ నియమం చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున 21 రోజులు నేర్పితే పదిన్నర గంటలు అవుతుంది. అంటే నియమం సరిగ్గా నెరవేరుతుంది. అదే రోజుకు 20 నిమిషాలు ఇస్తే 7 గంటలే అవుతుంది. ఒకే కారులో ముగ్గురు నలుగురిని ఎక్కించి వంతుల వారీగా నడిపిస్తే ఇంకా తగ్గుతుంది. ఈ కొద్దిపాటి సమయంలో ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి, భయపడేవాడికి ఎలా చెప్పాలి, దుడుకువాడికి ఎలా చెప్పాలి అనేది ఒక విద్య. బాగా నడపడం వేరు, బాగా నేర్పడం వేరు. 20 ఏళ్ళు లారీ నడిపిన మంచి డ్రైవరు కూడా పక్క సీటులో కూర్చుని కేకలు వేస్తే శిష్యుడికి ఉన్నదీ పోతుంది. నేర్పే పద్ధతి గురించి మన బోధకులకు ఎవరూ ఎన్నడూ ఏమీ చెప్పలేదు.

కొత్త కేంద్రాలతో తీరేనా?

2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రాలనే కొత్త పద్ధతిని కేంద్రం ప్రవేశపెట్టింది. వీటిలో బోధకుడు 12వ తరగతి ప్యాసై, 5 ఏళ్ళ డ్రైవింగు అనుభవం కలిగి ఉండాలి. కారు శిక్షణ 4 వారాలలో 29 గంటలు. అందులో 8 గంటలు తరగతి పాఠం, 21 గంటలు ప్రాక్టికల్. ఇక్కడ ప్యాసైనవారు రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగు పరీక్షకు హాజరు కానవసరం లేదు. ఏర్పాటు మంచిదే. కాని తేలికపాటి వాహనాలకే ఎకరం, భారీ వాహనాలకు 2 ఎకరాల స్థలం చూపాలి. ఆరు వరుసల రోడ్డు పక్కన భూముల ధరలు తెలిసినవారెవరూ ఒక కారు యజమాని ఈ పని చేయగలడని అనరు. ఇటువంటి కేంద్రాలు ఎన్ని వచ్చినా పల్లెటూరి కుర్రవాడు చేరేది దగ్గరలోని చిన్న స్కూలులోనే. కాబట్టి చిన్న స్కూలు గురువును బాగుచేసుకోక తప్పదు.

ఇతర దేశాలలో

బ్రిటనులో డబ్బు తీసుకుని కారు నేర్పేవారు ప్రభుత్వ రిజిస్టరులో చేరడం 1970 నుంచి తప్పనిసరి. ఆ రిజిస్ట్రేషను 4 సంవత్సరాలే చెల్లుతుంది. ఆ నాలుగేళ్ళలో కనీసం ఒకసారి పరీక్షాధికారి వెనుక సీటులో కూర్చుని, ఆ బోధకుడు నిజమైన విద్యార్థికి ఎలా పాఠం చెబుతున్నాడో చూస్తాడు. 17 అంశాలలో మొత్తం 51 మార్కులకు లెక్కగట్టి, 43 వస్తే మొదటి శ్రేణి, 31 వస్తే రెండవ శ్రేణి ఇస్తారు. అంతకు తక్కువైతే ఫెయిలే. జర్మనీలో డ్రైవింగు బోధకులు నాలుగేళ్ళకోసారి 3 రోజుల శిక్షణ పొందాలని చట్టమే ఉన్నది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు వాటిని ఉన్నవి ఉన్నట్లుగా తెచ్చుకోనక్కరలేదు. కాని వెనుక సీటులో కూర్చుని పాఠం వినడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. దానికి కావలసినదల్లా ఒక అధికారి, అరగంట కాలం.

ఏమి చేయవచ్చు?

మొదటిది, స్కూలు లైసెన్సు రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టే ముందు బోధకులందరూ 2 రోజుల పునశ్చరణ తరగతికి హాజరు కావాలని నిబంధన పెట్టాలి. కేంద్ర నియమాలు మారడానికి కాలం పడితే ఈలోగా కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ పూనుకుని స్వచ్ఛందంగా మొదలుపెట్టవచ్చు. ఏటా జనవరిలో జరిపే రోడ్డు భద్రతా మాసం ఇందుకు తగిన అదను. ర్యాలీలతో, బ్యానర్లతో సరిపెట్టకుండా అందులో 2 రోజులు గురువుల కోసం కేటాయిస్తే చాలు.

రెండవది, చెప్పేవారిని దూరం నుంచి పిలవనక్కరలేదు. చట్టం గురించి మోటారు వాహనాల తనిఖీ అధికారి, నడిపే తీరు గురించి ఆర్.టి.సి. సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరు, ప్రథమ చికిత్స గురించి 108 సిబ్బంది, కొత్త బళ్ళ గురించి పాలిటెక్నిక్ ఆటోమొబైల్ అధ్యాపకుడు చెప్పగలరు. చట్టంలోని చిక్కులను తేట తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయడానికి సబ్బవరంలోని న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేయి కలిపితే ఊరికి ఎంతో మేలు చేసినవారవుతారు.

మూడవది, ఆ 2 రోజులు బోధకుని సంపాదన పోకుండా కొంత భత్యం ఇవ్వాలి. లేదా స్కూలు రెన్యూవల్ ఫీజులో తగ్గింపు ఇవ్వాలి. భారమంతా చిన్న యజమాని నెత్తిన వేస్తే అది విద్యార్థి ఫీజులోకి ఎక్కుతుంది. ఫీజు పెరిగితే బావ దగ్గరో, బాబాయి దగ్గరో బీడు భూమిలో నేర్చుకునేవారు పెరుగుతారు. అది మొదటికే మోసం.

నాలుగవది, తరగతికి వెళ్ళినట్లు సంతకం పెట్టి టీ తాగి వచ్చే తంతుగా ఇది మారకూడదు. కాగితం మీద శిక్షణలు మనకు కొత్త కాదు. అందుకే ఏడాదికి ఒకసారైనా తనిఖీ అధికారి ముందుగా చెప్పకుండా వెనుక సీటులో కూర్చుని పాఠం వినాలి. శిక్షించడానికి కాదు, సరిదిద్దడానికి. బాగా చెప్పేవారి పేర్లు కార్యాలయం బోర్డు మీద రాస్తే జనమే వారిని వెతుక్కుంటూ వెళతారు.

నేర్చుకునేవారూ అడగాలి

ప్రభుత్వం కదిలేదాకా జనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. స్కూలులో చేరే ముందు గోడ మీద లైసెన్సు, బోధకుల పేర్లు ఉన్నాయేమో చూడాలి. అవి కనిపించేటట్లు పెట్టాలని నియమం ఉన్నది. కారుకు డబుల్ కంట్రోలు ఉందా అని అడగాలి. తాను ఎన్ని గంటలు నడిపిందీ రిజిస్టరులో సరిగా రాస్తున్నారో లేదో చూసుకోవాలి. ఎ.బి.ఎస్. ఉన్న బండిలో బ్రేకు ఎలా తొక్కాలి, సర్వీసు రోడ్డు నుంచి పెద్ద రోడ్డు మీదికి ఎలా ఎక్కాలి అని అడిగి చూడాలి. మంచి గురువు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. తెలియని గురువు ఎవరినైనా అడిగి తెలుసుకుంటాడు. రెండు విధాలా లాభమే.

గురువు లేని విద్య గుడ్డి విద్య అని పెద్దలు అన్నారు. గురువు చదువు ఆగిపోతే ఆ విద్యకూ చూపు మందగిస్తుంది. మన మండలంలోని పిల్లలు రేపు నడపబోయేది ఈ ఆరు వరుసల రోడ్డు మీదనే కనుక రవాణా శాఖ అధికారులు, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ వారు ఈ విషయంపై దృష్టి సారించి, వచ్చే రోడ్డు భద్రతా మాసంలోనైనా తొలి తరగతి జరిపించవలసి ఉన్నది.